పడవ ఎక్కే ముందు గాలి సూచన

కోవిల్‌పట్టికి గాని విరుదునగర్‌కు గాని సముద్రం లేదు. అయినను సెలవు దినాలలో ఇక్కడి తెలుగు కుటుంబాలు 44వ జాతీయ రహదారి మీదుగా కన్యాకుమారి చేరి, వివేకానంద శిలకు లాంచీలో వెళ్ళడం పరిపాటి. గాలి, అలలు హెచ్చినప్పుడు ఆ లాంచీలు నిలిచిపోతాయి. ఫోనులో కనిపించే గాలి సూచనను ఎంతవరకు నమ్మవచ్చు?

దారిలో కయత్తారు, ముప్పందల్ గాలిమరలు ఊరక వెలసినవి కావు. నైరుతి ఋతుపవన కాలంలో పడమటి కనుమల సందుల గుండా గాలి ఉద్ధృతంగా వీస్తుంది. సూచనలోని అంకె విశాల ప్రదేశానికి కట్టిన సగటు. కొండ సందు తెచ్చే తేడా అందులో పూర్తిగా కానరాదు. విసురు గాలి వేగాన్ని విడిగా ఇస్తే దానినే లెక్కలోకి తీసుకోవాలి. గాలివేగం గంటకు 20 కిలోమీటర్ల నుండి 30కి పెరిగితే పడవపై దాని ఒత్తిడి రెండుంబావు రెట్లవుతుంది. రేపటి సూచనపై ఉంచదగిన నమ్మకం వారం తరువాతి సూచనపై ఉంచరాదు.

గాలి లేని రోజున సైతం అలలు రావచ్చు. హిందూ మహాసముద్రపు దక్షిణ భాగంలో రేగిన తుపాను అలలు కొన్ని రోజులకు ఈ తీరాన్ని తాకుతాయి. మలయాళీలు దీనిని ‘కళ్ళక్కడల్’, అనగా దొంగ సముద్రం, అంటారు. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ తీరంలో ఐదుగురు వైద్య విద్యార్థులు అలలకు బలైన నాటికి ఈ హెచ్చరిక అమలులోనే ఉంది. కనుక వాతావరణ శాఖ గాలి సూచనతో పాటు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అలల సూచనను కూడా చూడాలి. మత్స్యకారులను వేటకు వెళ్ళవద్దన్న రోజున విహారం మానుకోవాలి. రేవులో లాంచీ నిలిపివేసిన పిమ్మట ఫోనులోని అంకె చూపి వాదించడం వృథా.