వాగు బురదను తీసే ముందే తేల్చాలి

పటాన్‌చెరు: వేసవిలో చెరువు ఎండగానే పూడిక మట్టిని పొలానికి తోలుకోవడం తెలంగాణ రైతుకు తరతరాల అలవాటు. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయలోనూ ఆ మట్టి పొలాలకే చేరింది. అది ఎరువుతో సమానమని రైతుల నమ్మకం, చాలాచోట్ల నిజం కూడా. అయితే పటాన్‌చెరు పారిశ్రామికవాడ దిగువన ఇసుకవాగు, నక్కవాగుల్లోను, పరిసర చెరువుల్లోను పేరుకున్న బురదకు ఈ మాట వర్తించదు. దాని శుద్ధిపై అధికారులు, శాస్త్రవేత్తలు ఎప్పుడు సాంకేతిక సమావేశం జరిపినా, ఏ మట్టి పొలానికి పనికివస్తుంది, ఏది రాదు అన్నదే మొదటి అంశం కావాలి.

వ్యర్థజలాల్లోని లోహాలు, రసాయనాలు సన్నని ఒండ్రు రేణువులకు అంటుకుని అడుగుకు చేరతాయి. పైన నీరు తేటపడినా కింద విషం ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. ఈ ప్రాంతపు నేలల్లో భారలోహాల కాలుష్యంపై జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2001లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో వెల్లడించారు. మందులకు లొంగని బాక్టీరియా జన్యువులు వాగు బురదలో అధికంగా ఉన్నట్లు 2011లో మరో అధ్యయనం తేల్చింది.

కనుక సమావేశానికి ముందే నమూనాలు సిద్ధం కావాలి. పైపొర చెంచాడు మట్టి చాలదు. గొట్టం దింపి లోతు వారీగా తీయాలి, కాలుష్యం సోకని ఎగువ ప్రాంతపు మట్టితో పోల్చాలి. ఆ అంకెలు లేకుండా కూర్చుంటే అది తేనీటి విందుగానే ముగుస్తుంది.

తవ్వాలా, కప్పాలా?

బురదను తవ్వితే కొంత నీటిలో కలిసి దిగువకు పోతుంది. శుభ్రమైన ఇసుకతో కప్పితే వరద దానిని కోసుకుపోవచ్చు. అమెరికాలోని హడ్సన్ నదిలో పీసీబీ రసాయనాలు కలిసిన బురదను 2009 నుంచి 2015 వరకు తవ్వి, నీరు పిండి, రైళ్లలో దూరప్రాంతపు ప్రత్యేక గుంతలకు తరలించారు. మన వద్ద దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది. అక్కడికి ఎంత చేరాలి, రవాణా ఖర్చు ఎవరు భరించాలి అన్నవి చిన్న ప్రశ్నలు కావు. అన్నిటికన్నా ముందు వ్యర్థజలాల రాక ఆగిందో లేదో నిర్ధారించుకోవాలి. ఆగనిచోట తవ్వకం వృథా.

కలుషిత ప్రదేశాల నిర్వహణపై కేంద్రం 2025లో నిబంధనలు జారీ చేసింది. వాటి ప్రకారం అనుమానిత ప్రదేశాలను స్థానిక సంస్థలు లేదా జిల్లా యంత్రాంగం గుర్తించాలి. శుద్ధి వ్యయం కాలుష్యానికి బాధ్యులైనవారిదే.

సమావేశానికి ఇంజినీర్లతోపాటు వ్యవసాయ, మత్స్య శాఖలను, దిగువ గ్రామాల రైతులను పిలవడం అవసరం. ఏ ఏడు ఏ చెరువు రంగు మారిందో, ఏ మడిలో పైరు ఎదగలేదో వారికి తెలిసినంతగా ఏ దస్త్రంలోనూ ఉండదు. తేదీని వేసవికి ముందే ఖరారు చేయాలి. ఎండలు ముదిరి ట్రాక్టర్లు చెరువులోకి దిగాక ఫలితాలు వస్తే ప్రయోజనం ఉండదు. పరీక్షలు పూర్తయ్యేవరకు అనుమానిత చెరువుల కట్టలపై, ఈ మట్టి తీయరాదని బోర్డులు పెట్టడానికి మాత్రం ఏ సమావేశం కోసమూ ఆగనక్కరలేదు.