పలు దేశముల బాలికలు – ఒక్క కుటుంబము

నాలుగిండ్లనుండి వచ్చిన నలుగురు కోడండ్రు ఒక్క వంటయింట ఇముడుటయే ఎంత కష్టమో మనలో పలువురము ఎఱుగుదుము. అట్టిచో భాషయు, మతమును, వేషమును వేఱైన దేశదేశముల బాలికలను ఒక్క సంఘముగా నిలుపుట యెట్లు? 1928లో ఏర్పడిన ప్రపంచ గర్ల్ గైడ్ల సంఘము ఈ ప్రశ్నకు చూపిన సమాధానము గృహిణులకును పనికివచ్చునని మేము తలంచుచున్నాము.

ఈ సంఘమువారు అందఱకును ఉమ్మడిగా నుండవలసినవి కొన్నిటినే ఏర్పఱచుకొనిరి. మూడాకుల చిహ్నము ఒకటి. ఆ మూడాకులును గైడు చేయు ప్రతిజ్ఞలోని మూడు భాగములకు గుర్తులు. ఎడమచేత చేయి కలుపుట మఱియొకటి. ఇక వేషమా, ప్రతిజ్ఞలోని పదములా, అవి ఏ దేశమువారి యిష్టము వారిది. కలిసియుండుటకై ఎవరును తమ పుట్టింటిని మఱవనక్కఱలేదు.

ఏటేట ఫిబ్రవరి 22వ తేదీన గైడ్లందఱును పరదేశములందలి తమ సోదరీమణులను తలంచుకొందురు. ఈ దినమును 1926లో అమెరికాలో జరిగిన మహాసభయందు నిర్ణయించిరి. అది బేడెన్ పవెల్ దంపతు లిరువురకును జన్మదినము. 1932లో పోలండులో జరిగిన సభయందు బెల్జియము ప్రతినిధి యొకరు, పుట్టినదినమునకు కానుక కూడ ఉండవలెనుగదా యనిరి. నాటినుండి ప్రతి బాలికయు ఒక్క పెన్నీయైన నిచ్చి ఇతర దేశముల గైడ్లకు తోడ్పడు వాడుక ఏర్పడెను. కానుక చిన్నదే. కాని తన చేతినుండి కొంత యిచ్చిన పిల్లకు ఆ సంఘము తనదను భావము కలుగును.

అయినను చిహ్నమొక్కటియే చాలదు. మన దేశమున 1911లో జబ్బల్‌పూరునందు గైడుదళము మొదలైనప్పుడు అందు చేరినవారు ఐరోపా, ఆంగ్లో-ఇండియను బాలికలే. సోదరీత్వమును గూర్చి పలుకుచు ఊరి బాలికలను వాకిట నిలుపుట యేమి న్యాయము? తరువాత మన బాలికలకును ద్వారము తెఱచిరి. 1966 నాటికి ఆ సంఘము తన ప్రపంచకేంద్రములలో నొకదానిని పూనాలోనే నెలకొల్పి, దానికి మన మాటనే తీసికొని ‘సంగం’ అని పేరిడినది. ఒకనాడు వాకిట నిలిచినవారే నేడు అతిథుల నాహ్వానించుచున్నారు.

మన యిండ్లలోను ఇంతియే. కొత్తకోడలికి మన యాచారములను నేర్పుటతోనే తృప్తిపడక, ఆమె పుట్టింటి వంటకమునకును మన విస్తరిలో చోటీయుదము. ఇంటి వ్యవహారములలో ఆమె మాటను కూడ అడుగుదము. అప్పుడు గదా ఆమె “మీ యిల్లు” అనుట మాని “మా యిల్లు” అనును!