నడుముకు తుపాకీ... ఇంటికి రక్షా, ముప్పా?

కర్నూలు, కడప వైపు పెళ్లికో పంచాయితీకో వెళితే చొక్కా కింద నడుము దగ్గర కాస్త ఎత్తుగా కనిపించే మనుషులు మీకు కొత్త కాదు. ‘శత్రువులున్నారు, ఆత్మరక్షణకు’ అంటారు. మీ బంధువుల్లో ఎవరో ఒకరికి లైసెన్సు తుపాకీ ఉండి ఉండవచ్చు. అమెరికాలో ఉంటున్న మీ అబ్బాయో అమ్మాయో ఫోన్‌లో ‘ఇక్కడ పక్కింటాయన దగ్గర కూడా గన్ ఉంది’ అని చెప్పి ఉండవచ్చు. తుపాకీ శాంతిభద్రతల విషయం కదా, ఆరోగ్యం పేజీలో దానికేం పని అనుకుంటున్నారా? పని ఉంది. తుపాకీ వల్ల పోయే ప్రాణాల్లో చాలావరకు శత్రువుల దాడిలో పోయేవి కావు. ఇంట్లో, అయినవాళ్ల మధ్య, క్షణికావేశంలో పోయేవి.

అసలు వాదన ఏమిటి?

నడుముకు తుపాకీ పెట్టుకుని పైకి కనిపించకుండా తిరగాలంటే ప్రభుత్వ అనుమతి కావాలా, అక్కర్లేదా? అమెరికాలో ఏళ్లుగా సాగుతున్న చర్చ ఇది. వెర్మాంట్ రాష్ట్రంలో మొదటి నుంచీ ఇలాంటి అనుమతి అక్కర్లేదు. 2003లో అలాస్కా, 2010లో అరిజోనా ఆ దారి పట్టాయి. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, జార్జియాలో 2022 నుంచి అనుమతి పత్రం నిబంధన తీసేశారు. 2024 నాటికి ఇలాంటి రాష్ట్రాలు 29 అయ్యాయి.

‘దొంగలు పర్మిట్ తీసుకుని తిరుగుతారా? నిబంధనలు కట్టిపడేసేది మంచివాళ్లనే’ అన్నది అనుకూలుర మాట. ‘ఎవరి చేతికి ఇస్తున్నామో కనీసం ఒకసారి చూడొద్దా’ అన్నది వ్యతిరేకుల ప్రశ్న.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం. 2019 సవరణతో శిక్షలు పెరిగాయి. ఒక వ్యక్తి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకు గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణాలను ప్రమాదంలో పెడితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

సీమ ఎప్పుడో చూసేసింది

చట్టం ఉన్నా, అనుమతి లేని ఆయుధం ఊళ్లలో తిరిగితే ఏమవుతుందో రాయలసీమకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇక్కడ తుపాకీ కన్నా ముందు వచ్చింది నాటు బాంబు. ఇంట్లోనే చుట్టొచ్చు, సంచిలో పట్టుకెళ్లొచ్చు. ఒక వర్గం పది చుట్టిందని తెలిస్తే రెండో వర్గం ఇరవై చుట్టేది. రెండు వైపులా చెప్పిన మాట ఒక్కటే... ‘మా రక్షణ కోసం’.

1998 మే 23న కడప జిల్లాలో వై.ఎస్. రాజారెడ్డి బాంబు దాడిలోనే చనిపోయారు. 2008 మేలో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల వర్గపోరులో ఒకే దాడిలో 11 మంది బలయ్యారు. ఆ ఊరిని తరువాత జిల్లా ఎస్పీగా వచ్చిన ఆకే రవికృష్ణ దత్తత తీసుకున్నారు. మార్పు మొదలైంది బడి, రోడ్డు, ఉపాధి వంటి పనులతో.

రెండో వైపు వాదననూ తీసిపారేయలేం. 2017 మే 21న పత్తికొండ నియోజకవర్గ నేత చెరుకులపాడు నారాయణరెడ్డిని దారికాచి చంపారు. ఆయన లైసెన్సు తుపాకీ రెన్యువల్ కోసం అప్పటికే పోలీసుల దగ్గర ఉందని పత్రికల్లో వచ్చింది. ‘చేతిలో తుపాకీ ఉంటే బతికేవాడేమో’ అని ఆయన అభిమానులు అనుకోవడం సహజం. నిజంగా ప్రాణభయం ఉన్నవారికి లైసెన్సు, పోలీసు రక్షణ వెంటనే అందాలి. అందులో రెండో మాట లేదు. అయితే గుంపుగా వచ్చి, వాహనాలు అడ్డం పెట్టి చేసే దాడిని ఒక్క పిస్టల్ ఎంతవరకు ఆపుతుందన్నది ఆలోచించాల్సిన సంగతి.

అసలు ప్రమాదం గడప లోపలే

దాడి జీవితంలో ఒకసారి రావచ్చు, రాకపోవచ్చు. తుపాకీ మాత్రం ఏడాదిలో 365 రోజులూ మీ బీరువాలోనే ఉంటుంది. భార్యాభర్తల గొడవ, అప్పుల బాధ, ఆస్తి తగాదా, మందు మత్తు, పరీక్ష తప్పిన పిల్లాడి దిగులు... అన్నీ ఆ బీరువా ఉన్న ఇంట్లోనే జరుగుతాయి.

అమెరికాలో 1993లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం తుపాకీ ఉన్న ఇళ్లలో హత్య జరిగే ముప్పు తుపాకీ లేని ఇళ్లకన్నా దాదాపు 2.7 రెట్లు ఎక్కువ. కాలిఫోర్నియాలో లక్షల మందిని ఏళ్ల తరబడి గమనించిన మరో అధ్యయనం 2020లో వెలువడింది. చేతి తుపాకీ ఉన్న మగవారు తుపాకీతో ఆత్మహత్య చేసుకునే ముప్పు, అది లేని మగవారికన్నా సుమారు 8 రెట్లు ఎక్కువని అందులో తేలింది. ఆడవారిలో అది 35 రెట్లు. 2021లో అమెరికాలో తుపాకులకు బలైనవారు 48,830 మంది. వారిలో సగానికి పైగా, అంటే 26,328 మంది, ఆత్మహత్య చేసుకున్నవారే.

మన దగ్గరి ఉదాహరణలూ ఇదే చెబుతున్నాయి. 2021 జూన్‌లో పులివెందుల మండలం నల్లపురెడ్డిపల్లెలో గొడవ ముదిరి ఒకరు మరొకరిని లైసెన్సు తుపాకీతో కాల్చి, తరువాత తానూ కాల్చుకున్నారు. 2023 మార్చిలో పులివెందులలోనే డబ్బు తగాదాలో కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు. అక్కడా లైసెన్సు తుపాకీయే. అదే ఏడాది అక్టోబరులో కడపలో ఒక పోలీసు ఉద్యోగి భార్యను, ఇద్దరు కూతుళ్లను కాల్చి, తానూ ప్రాణం తీసుకున్నారు. ఈ మూడు చోట్లా ఆయుధాలు దొంగతనంగా తెచ్చిన తపంచాలు కావు. కాల్చినవారు పేరుమోసిన నేరగాళ్లూ కారు. కోపమో నిరాశో కమ్మేసిన ఆ నిమిషంలో చేతికందే దూరంలో ఆయుధం ఉంది.

ఆ నిమిషం దాటితే...

‘చావాలనుకున్నవాడు ఎలాగైనా చస్తాడు’ అని మనలో చాలామంది అనుకుంటాం. వైద్యశాస్త్రం ఒప్పుకోని మాట ఇది. ఆత్మహత్య ఆలోచన చాలామందిలో కెరటంలా వచ్చి పోతుంది. ఆ సమయంలో ప్రాణాంతకమైన సాధనం దగ్గర లేకపోతే ఎక్కువమంది బతుకుతారు. అలా బతికినవారిలో అత్యధికులు మళ్లీ ఆ దారి పట్టరు. తుపాకీ విషయంలో ఆ రెండో అవకాశం దాదాపు ఉండదు.

ఇజ్రాయెల్ సైన్యం సంగతే చూడండి. 2006లో సైనికులు వారాంతంలో ఇళ్లకు వెళ్లేటప్పుడు తుపాకులు వెంట తీసుకెళ్లకుండా నిబంధన పెట్టారు. సైనికుల ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి. కౌన్సెలింగ్ పెంచడం వల్ల కాదు, తుపాకీని ఇంటి నుంచి దూరం పెట్టడం వల్ల.

‘మా ఇంట్లో తుపాకీ లేదు కదా’ అంటారా? పత్తి, వేరుశనగ పండించే మన పల్లెల్లో తుపాకీ స్థానంలో పురుగుమందు డబ్బా ఉంటుంది. శ్రీలంక అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధిస్తూ రావడంతో ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు 70 శాతం మేర తగ్గింది. ఊళ్లో మీ అమ్మానాన్నల ఇంట్లో పురుగుమందు పడకగది మూలనో వసారాలోనో ఉంటే, దాన్ని తాళం వేసిన పెట్టెలో పెట్టించండి.

లైసెన్సు ఒక వైద్య పరీక్ష కూడా

తుపాకీ లైసెన్సును మనం కలెక్టరేట్ కాగితంగానే చూస్తాం. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం దరఖాస్తుతో పాటు మానసిక, శారీరక ఆరోగ్యంపై వైద్యుడి ధ్రువపత్రం ఇవ్వాలి. మత్తు పదార్థాల అలవాటు ఉందా అన్నదీ అందులో ఉంటుంది. పోలీసులు విచారిస్తారు. అంటే ‘ఈ మనిషి చేతికి ఇది ఇవ్వవచ్చా’ అని ఇద్దరు ముగ్గురు బయటివారు అడిగే సందర్భం లైసెన్సు. అనుమతి అక్కర్లేదనడం అంటే ఆ ప్రశ్న అడిగేవారే లేకుండా చేయడం.

మరి పులివెందుల ఘటనల్లో లైసెన్సు ఉంది కదా? ఉంది. లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది. మనిషి మనసు ఐదేళ్లు ఒకేలా ఉండదు. వ్యాపారం దెబ్బతినొచ్చు, మందు అలవాటు కావచ్చు, డిప్రెషన్ రావచ్చు. ఆ మార్పు మొదట కనిపించేది కలెక్టరుకు కాదు, ఇంట్లో ఉన్న మీకు. అందుకే లైసెన్సు ఉండాలి, దాంతో పాటు ఇంటివాళ్ల కన్నూ ఉండాలి.

మీ ఇంట్లో తుపాకీ ఉంటే

• తూటాలు తీసేసి ఇనుప బీరువాలో తాళం వేయండి. తూటాలు వేరే చోట, వేరే తాళంతో ఉండాలి. దిండు కింద, కారు డ్యాష్‌బోర్డులో వద్దు.
• తాళం ఎక్కడుందో పిల్లలకు తెలియదని అనుకోకండి. చాలా ఇళ్లలో వాళ్లకు తెలిసే ఉంటుంది. చోటు మార్చండి.
• మందు తాగే రోజు, గొడవ పడిన రోజు తుపాకీ బయటికి రాకూడదని ముందే కుటుంబమంతా అనుకోండి.
• ఇంట్లో ఎవరైనా నిద్రపట్టక, ఎవరితోనూ మాట్లాడక, ‘నేను లేకపోతే మీకే మంచిది’ వంటి మాటలు అంటుంటే అదే రోజు తుపాకీని ఇంటి నుంచి పంపేయండి. పోలీస్ స్టేషన్‌లో మాట్లాడి అక్కడ గానీ, లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ దగ్గర గానీ భద్రపరచే ఏర్పాటు చేసుకోవచ్చు. ఎన్నికలప్పుడు అందరూ డిపాజిట్ చేస్తున్నదే కదా. ఇందులో నామోషీ ఏమీ లేదు.
• తాతల నాటి తుపాకీ అటక మీద ఉండి, లైసెన్సుదారు చనిపోయి ఉంటే అలా వదిలేయకండి. స్టేషన్‌లో అప్పగించండి.

మీ పిల్లలు అమెరికాలో ఉంటే, మనవళ్లు ఆడుకోవడానికి వేరే ఇంటికి వెళ్లే ముందు ‘మీ ఇంట్లో గన్ ఉందా? లాక్ చేసి ఉందా?’ అని అడగమనండి. అక్కడి పిల్లల వైద్యులు తల్లిదండ్రులకు చెప్పే సలహా ఇది. ఒకటి నుంచి 19 ఏళ్ల లోపు వారి మరణాలకు 2020 నుంచి అక్కడ మొదటి కారణం తుపాకులే.

బాంబు కనిపించినా, గాయమైనా

పాత గడ్డివాములు, పాడుబడ్డ ఇళ్లు, గుట్టల దగ్గర నాటు బాంబులు ఇప్పటికీ బయటపడుతుంటాయి. అడవి పందుల కోసం పెట్టేవీ ఉంటాయి. దారంతో చుట్టిన ఉండలా ఏది కనిపించినా తాకవద్దని పిల్లలకు చెప్పండి. నీళ్లు పోయొద్దు, కర్రతో కదపొద్దు. దూరంగా వచ్చి 112కు ఫోన్ చేయండి.

ఎవరికైనా గాయమైతే:
• వెంటనే 108కి చెప్పండి. తూటా గాయం పైకి చిన్నగా కనిపించినా లోపల నష్టం పెద్దది. బాంబు పేలినచోట ఉన్న మనిషి బాగానే కనిపించినా ఊపిరితిత్తులకు దెబ్బ తగిలి ఉండవచ్చు. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.
• రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టండి. మధ్యలో తీసి చూడొద్దు. చేయి, కాలు నుంచి రక్తం ఆగకపోతే గాయానికి పైభాగాన వెడల్పాటి గుడ్డతో బిగించి కట్టి, కట్టిన సమయం రాసి ఉంచండి.
• గుచ్చుకున్న మేకులు, గాజు ముక్కలు లాగొద్దు. కంటిని నలపొద్దు, కడగొద్దు.
• తెగిన వేలిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని ఐసుపై ఉంచి తీసుకెళ్లండి. వేలికి నేరుగా ఐసు తగలకూడదు.
• తాగడానికి, తినడానికి ఏమీ ఇవ్వొద్దు. ఆపరేషన్ అవసరం కావచ్చు.

కేసు అవుతుందని భయపడి ఇంట్లోనే కట్టు కట్టించుకుని ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా ముందు చికిత్స చేయాలని 1989లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కర్నూలు సర్వజన వైద్యశాలకైనా, కడప రిమ్స్‌కైనా, దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికైనా ఇది వర్తిస్తుంది.

మీరు గానీ, మీ ఇంట్లోవారు గానీ మానసికంగా కుంగిపోతుంటే టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. నంబరు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. బీరువాలో తుపాకీ ఉన్న ఇల్లయితే, ఆ బీరువా తలుపు మీద కూడా ఒకటి అంటించండి.