జేబు తుపాకులు: తగ్గిన బరువు ఎక్కడికి పోతుంది?

1865 ఏప్రిల్ 14వ తేదీ రాత్రి వాషింగ్టన్ నగరంలోని ఫోర్డ్ నాటకశాలలో అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌ను బలిగొన్న తుపాకి పొడవు సుమారు 15 సెంటీమీటర్లు మాత్రమే. ఫిలడెల్ఫియాకు చెందిన హెన్రీ డెరింజర్ తయారుచేసిన రకమది. మూతినుండి మందూ గుండూ కూరవలెను. ఒక్కసారి పేలితే మళ్ళీ కూరేదాకా అది పనికిరాదు. అయినా జేబులో దాగుతుంది. హంతకుడు బూత్‌కు కావలసినదీ అదే. డెరింజర్‌ను అనుకరించినవారు ఆయన పేరులో ఒక అక్షరం అదనంగా చేర్చి వాడుకొన్నారు. చిత్రమేమంటే, ఆ తప్పుడు స్పెల్లింగే తరువాత ఇటువంటి చిన్న తుపాకులన్నిటికీ జాతిపేరై నిలిచింది.

దుస్తులమాటున పిస్తోలు పెట్టుకొని తిరగడం అమెరికాలో నేటికీ ఉన్నది. ఆత్మరక్షణకై ఇంటి వెలుపల కూడ పిస్తోలు ధరించే హక్కు పౌరులకు కలదని ఆ దేశపు సుప్రీంకోర్టు 2022 జూన్‌లో తీర్పు చెప్పింది. ఆ తీర్పు మంచిచెడ్డలపై అక్కడ వాదోపవాదాలు సాగుతూనే ఉన్నవి. దుకాణంలో కొనుగోలుదారు వేసే ప్రశ్న మాత్రం సులువైనది: అన్నిటిలోకీ చిన్నది, తేలికైనది ఏది? ఈ ప్రశ్నకు జవాబు న్యూటన్ సూత్రాలలో వెదకవలసి ఉన్నది.

మూడు పిస్తోళ్ళను పక్కపక్కన పెట్టి చూడవచ్చును. మొదటిది జాన్ బ్రౌనింగ్ రూపొందించగా బెల్జియంలో 1905లో వెలువడిన కోటుజేబు పిస్తోలు. బరువు 370 గ్రాములకు అటూ ఇటూ. రెండవది 1930ల తొలినాళ్ళలో జర్మనీలోని వాల్తర్ కంపెనీ తెచ్చిన పిపికె. ఉక్కుతో చేసినది, సుమారు 600 గ్రాములు. మూడవది 2008లో అమెరికాలో రూగర్ కంపెనీ విడుదల చేసిన ఎల్‌సిపి. దీని పిడిభాగం గాజుపోగులు కలిపిన నైలాను; ఖాళీగా ఉన్నప్పుడు 270 గ్రాములే.

పిపికె, ఎల్‌సిపి రెండింటిలోనూ ఒకే తూటా వాడవచ్చును. దానిని అమెరికన్లు .380 అంటారు. అందులోని గుండు బరువు 6.2 గ్రాములు. చిన్న గొట్టంనుండి అది సెకనుకు దాదాపు 260 మీటర్ల వేగంతో వెలువడుతుందనుకొందాం. ద్రవ్యరాశిని వేగంతో హెచ్చిస్తే ద్రవ్యవేగం 1.6 కిలోగ్రాం-మీటర్లు/సెకను వస్తుంది. పేలకముందు మొత్తం ద్రవ్యవేగం సున్న. కనుక గుండు ముందుకు ఎంత తీసుకుపోయిందో, తుపాకి అంతే వెనుకకు తీసుకోక తప్పదు. 600 గ్రాముల పిపికె సెకనుకు 2.7 మీటర్ల వేగంతో వెనుకకు తన్నుతుంది. 270 గ్రాముల ఎల్‌సిపి 6 మీటర్ల వేగంతో. గతిజశక్తి లెక్కిస్తే మొదటిదానిలో 2.2 జౌళ్ళు, రెండవదానిలో 4.8. జేబులో మిగిలిన బరువంతా చేతిమీద వడ్డీతో పడినదన్నమాట! గుండు వెంట దూసుకొచ్చే వాయువులను కూడ చేర్చితే రెండు అంకెలూ ఇంకా పెరుగుతవి.

బ్రౌనింగ్ వారి చిన్న పిస్తోలు సంగతి వేరు. దాని గుండు 3.2 గ్రాములే, వేగం సుమారు 230 మీటర్లు. అందుచేత తన్ను ఒక జౌలుకు లోపే. కాని గుండు శక్తి కూడ 85 జౌళ్ళతో సరి. .380 గుండుకు అది 210.

తరగతిలో దీనిని చూపడానికి తుపాకి అక్కరలేదు. రెండు చక్రాల బండ్లమధ్య స్ప్రింగును నొక్కి వదలి, ఒక బండిమీద ఇటుకలు పేర్చుతూ పోతే చాలును.

అయితే చేతికి తెలిసే దెబ్బను ఈ లెక్క పూర్తిగా చెప్పదు. పిపికెలో గొట్టం కదలదు. పేలుడును పైతొడుగు తన బరువుతో, స్ప్రింగు బలంతో మాత్రమే నిలువరించాలి. కనుక అది వెనుకకు ఒక్కసారిగా దూకుతుంది. ఎల్‌సిపిలో గొట్టమూ పైతొడుగూ బిగిసి కొద్దిదూరం కలిసి కదిలిన పిమ్మటనే గొట్టం వాలి విడిపోతుంది. ఇందువల్ల పిపికె తన బరువుకు తగినంత మెత్తగా ఉండదు.

గురి విషయమూ చూడవలెను. వెనుక గాడికీ ముందు మొనకూ నడుమ 10 సెంటీమీటర్లే ఉంటే, మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా 10 మీటర్ల దూరంలో గుండు 10 సెంటీమీటర్లు తప్పుతుంది. ఆ ఎడం 15 సెంటీమీటర్లయితే తప్పు 7 సెంటీమీటర్లకు లోపే. ఇది సరూప త్రిభుజాల లెక్క. మీట లాగడానికి పట్టే బలమో, ఇటువంటి పిస్తోలు బరువుకు అనేక రెట్లు. కాబట్టి మొన జరగడం సులభం. తప్పిపోయిన గుండు ఆగదు, ఎవరో ఒకరి గోడకో ఒంటికో తగులుతుంది.

మీటను అంత బిగువుగా పెట్టడం జేబులో పొరపాటున లాగబడకుండా ఉండడానికే. ఐనా మీటను ముట్టకుండానే ప్రమాదం రావచ్చును. పిస్తోలు గచ్చుమీద పడినప్పుడు దాని దేహం టక్కున ఆగుతుంది. లోపలి సుత్తి జడత్వంచేత ముందుకే పోజూస్తుంది. నేలమీద పడితే పేలే అవకాశమున్నదని 2008 అక్టోబరులో రూగర్ కంపెనీయే తొలి ఎల్‌సిపి పిస్తోళ్ళను వెనుకకు పిలిపించి, సుత్తి భాగాలను మార్చి ఇచ్చింది.