మూడు పట్టణములు – మూడు సంఖ్యలు

జనగామ 506167, మహబూబాబాద్ 506101, భూపాలపల్లి 506169. ఇవి మనము ఉత్తరములపై వ్రాయు పిన్ కోడు సంఖ్యలు. తపాలాశాఖ ఈ పద్ధతిని 1972 ఆగస్టు 15న ప్రవేశపెట్టినది. మొదటి మూడంకెలైన 506 వరంగల్లు విభాగమును, చివరి మూడంకెలు బట్వాడా చేయు తపాలా కార్యాలయమును తెలుపును. 2016 అక్టోబరు 11న ఈ మూడు పట్టణములు వేర్వేరు జిల్లాలకు కేంద్రములైనను 506 మాత్రము మారలేదు.

తపాలాశాఖకు ఇవి గుర్తులు. గణిత విద్యార్థికి ఇవి ఆరంకెల పూర్ణసంఖ్యలు. మూడును బేసి సంఖ్యలే. చూపునకు ఒకే పోలికతో నున్నవి. లోపలి నిర్మాణమున మాత్రము మూడును మూడు తరగతులకు చెందును.

మొదట భూపాలపల్లి సంఖ్యను పరిశీలింతము. దాని అంకెల మొత్తము 27; కావున 9తో నిశ్శేషముగా భాగింపబడును. భాగహారమును కొనసాగించినచో అది 3ను ఐదు పర్యాయములు గుణించి, ఆ లబ్ధమైన 243ను 2083తో గుణించగా వచ్చు సంఖ్యయని తేలును. దీనికి 12 భాజకములు కలవు. తనను మినహాయించి తక్కిన భాజకములను కూడినచో 252407 వచ్చును. ఇది ఆ సంఖ్యలో సగమునకైనను చాలదు. ఇట్టి దానిని న్యూన సంఖ్య యందురు. 6 వలె భాజకముల మొత్తము తనకు సమానమైనచో అది పరిపూర్ణ సంఖ్య.

జనగామ సంఖ్య ఇంత సులభముగా లొంగదు. 3, 7, 11 మొదలుకొని వరుసగా ప్రయత్నించుచు పోగా 439 వద్దగాని తలుపు తెరచుకొనదు. 439ను 1153తో గుణించిన 506167 వచ్చును. ఆ రెండును ప్రధాన సంఖ్యలే.

మహబూబాబాద్ సంఖ్య ఏ భాజకమునకును లొంగదు. ఒక సంఖ్య రెండు కారణాంకములుగా విడిపోయినచో అందొకటి దాని వర్గమూలమును మించజాలదు. 506101 వర్గమూలము 711 కంటె కొంచె మెక్కువ. కావున 711 లోపలి 127 ప్రధాన సంఖ్యలతో భాగించి చూచిన చాలును. ఒక్కటియు నిశ్శేషముగా భాగింపదు. కనుక 506101 ప్రధాన సంఖ్య. దీనినే ఉర్దూలో 'ముఫ్రద్ అదద్' అందురు.

ఈ శ్రమవలన ప్రయోజనమేమని కొందరడుగవచ్చును. 439ని 1153తో గుణించుట నిమిషము పని. 506167 నుండి ఆ రెంటిని వెలికితీయుట ఎంతో ప్రయాస. వందలాది అంకెల సంఖ్యలకు ఈ ప్రయాస గణనయంత్రములకును అలవి కాకున్నది. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్మన్ అను మువ్వురు ఈ వ్యత్యాసము పైననే ఒక రహస్యలేఖన పద్ధతిని నిర్మించిరి. నేటి వార్తావినిమయ భద్రతలో దానికి ముఖ్యస్థానము కలదు.

సంఖ్యలకు శుభాశుభములు అంటగట్టువారు కలరు. ప్రధాన సంఖ్య గలిగినందున మహబూబాబాద్‌కు ఒరిగినదియు లేదు, లేనందున జనగామకు తరిగినదియు లేదు. సంఖ్య గుణము భాగహారమున తేలవలసినదే. విద్యార్థులు తమ తమ గ్రామముల పిన్ కోడులను ఇట్లే పరీక్షింతురు గాక. అందుకు కాగితము, కలము, కొంత ఓర్పు చాలును.