యాభై డాలర్ల టోపీ అసలు ఖరీదెంత?

ఆన్‌లైన్ వేలంలో పాత స్టెట్సన్ ఫెడోరా టోపీ ఒకటి 50 డాలర్ల దగ్గర ఉందనుకుందాం. అమెరికాలోని జార్జియా రాష్ట్రం అల్ఫారెట్టాలో ఉండే తెలుగాయన దాన్ని అదే పాటకు దక్కించుకున్నాడు. పోస్టేజీ 15 డాలర్లు. ఈ రెంటి మీదా అమ్మకపు పన్ను 7.75 శాతం, అంటే 5.04 డాలర్లు. కార్డు మీద పడేది 70.04 డాలర్లు. తెర మీద చూసిన ధరకన్నా ఇది 40 శాతం ఎక్కువ. మాసిన టోపీని బాగుచేయిస్తే ఆ బిల్లు వేరు.

అందుకే పాత టోపీల వేటలో పాట పాడటానికి ముందే లెక్క వేసుకోవాలి. ఆ లెక్కలో నాలుగైదు అంకెలకు మించి లేవు.

పన్ను లెక్క

ఆ 7.75 శాతంలో జార్జియా రాష్ట్రానిది 4 శాతం. మిగతా 3.75 అట్లాంటా నగరం వెలుపలి ఫుల్టన్ కౌంటీలో పడే స్థానిక పన్నులు. పోస్టేజీ మీద కూడా పన్ను పడటం చూసి కొత్తవాళ్లు పొరపాటనుకుంటారు, కానీ జార్జియా నిబంధనే అది. ఒకప్పుడు వేరే రాష్ట్రం నుంచి తెప్పించుకుంటే అమ్మినవాళ్లు పన్ను వసూలు చేయకపోవడమే ఎక్కువగా ఉండేది. వేరే రాష్ట్రపు అమ్మకందారుల చేత కూడా పన్ను వసూలు చేయించవచ్చని 2018 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు వేఫేర్ కేసులో ఇచ్చిన తీర్పుతో పరిస్థితి మారింది. 2020 ఏప్రిల్ 1 నుంచి జార్జియాలో ఆన్‌లైన్ అంగడి నడిపే పెద్ద సంస్థలే పన్ను వసూలు చేసి కట్టాలి.

ఇక్కడో స్థానిక తిరకాసు ఉంది. చిరునామాలో అల్ఫారెట్టా అని రాసుకునే ఇళ్లన్నీ అల్ఫారెట్టా నగరంలో లేవు. 30004, 30005 జిప్ కోడ్‌లలో కొంత భాగం పక్కనున్న ఫోర్సైత్ కౌంటీలో ఉంటుంది. అక్కడ పన్ను 7 శాతం. మన 65 డాలర్ల మీద తేడా 49 సెంట్లే. టోపీకి అది లెక్కలోది కాదు గానీ, ఎదురు వీధిలో ఉన్న స్నేహితుడి బిల్లు మీ బిల్లుతో ఎందుకు కలవలేదో తెలుస్తుంది.

పేరున్న వేలం సంస్థల దగ్గర కొంటే ఇంకో వడ్డింపు ఉంటుంది. పాట మొత్తం మీద 20 నుంచి 25 శాతం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే, కొనుగోలుదారు కమిషన్ అడుగుతారు. 25 శాతమైతే 50 డాలర్ల పాట పోస్టేజీ, పన్ను కలవకముందే 62.50 అవుతుంది.

తల కొలత

అమెరికన్ టోపీ సైజు వెనక ఉన్నది బడిలో నేర్చుకున్న వృత్తం లెక్కే. నుదుటి మీదుగా, చెవుల పైనుంచి టేపు చుట్టి వచ్చిన అంగుళాలను 3.14తో భాగించాలి. చుట్టుకొలత 22¾ అంగుళాలైతే 7.24 వస్తుంది, సైజు 7¼. సెంటీమీటర్లలో అది 58. ఒక్కో ⅛కి దాదాపు ఒక సెంటీమీటరు చొప్పున మారుతుంది. 7 అంటే 56, 7⅛ అంటే 57, 7⅜ అంటే 59, 7½ అంటే 60 సెంటీమీటర్లు. టేపు అర అంగుళం అటూఇటూ అయితే సైజు ఒక మెట్టు మారిపోయినట్టే. బ్రిటిష్ టోపీలో అంకె ఒక ⅛ తక్కువ పడుతుంది. లండన్ టోపీ మీద 7⅛ అని ఉంటే అమెరికా లెక్కలో అది 7¼.

పాత టోపీ లోపల అచ్చువేసిన సైజును పూర్తిగా నమ్మడానికి లేదు. చెమట పీల్చే లోపలి తోలుపట్టీ ఏళ్లు గడిచేకొద్దీ బిగిసిపోతుంది. తడిసి ఆరిన ఫెల్ట్ కుంచించుకుపోతుంది. అందుకే అమ్మేవాళ్లకు ఒక్క ప్రశ్న రాయండి: “లోపలి పట్టీ చుట్టూ టేపు పెట్టి కొలిస్తే ఎన్ని సెంటీమీటర్లు?” జవాబు రాకపోతే ఆ టోపీని వదిలేయడమే మేలు. రెండు సైజుల మధ్య ఊగిసలాడితే పెద్దదే కొనండి. పట్టీ వెనక నురుగు ముక్క దూర్చి వదులు తగ్గించవచ్చు. బిగుతు టోపీని సాగదీయబోతే పాత తోలు చిట్లుతుంది.

వయసు చెప్పే చిన్న అచ్చులు

జాన్ బి. స్టెట్సన్ ఫిలడెల్ఫియాలో 1865లో టోపీల పని మొదలుపెట్టాడు. 1915 నాటికి ఆ సంస్థలో 5,400 మంది పనిచేస్తూ ఏటా 33 లక్షల టోపీలు తయారుచేసేవారు. ఇన్ని లక్షల్లో తయారైన వస్తువు పాతబడినంత మాత్రాన అరుదైపోదు. ఫిలడెల్ఫియా కర్మాగారం 1971లో మూతపడింది. తర్వాత అదే పేరుతో ఇతర సంస్థలు లైసెన్సు మీద టోపీలు తయారుచేశాయి. కాబట్టి స్టెట్సన్ అన్న పేరొక్కటే వయసు చెప్పదు.

వయసు తెలియాలంటే తోలుపట్టీ మడత కింద ఫొటో తీసి పంపమనాలి. అక్కడ కార్మిక సంఘం అంటించిన చిన్న కాగితం ఉండవచ్చు. దాని మీద హ్యాటర్స్‌తో పాటు క్యాప్, మిల్లినరీ అన్న మాటలు కూడా ఉంటే టోపీ 1934కు ముందుది కాదు, ఎందుకంటే హ్యాటర్స్ సంఘం, క్యాప్-మిల్లినరీ సంఘం ఒకటైంది ఆ ఏడాదే. లోపలి దుకాణం చిరునామాలో అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 జూలై తర్వాతిది. ఆ పద్ధతి మొదలైందే అప్పుడు. ఆర్ఎన్ అనే అక్షరాల పక్కన నమోదు సంఖ్య ఉంటే 1952కు ముందుది అయ్యే అవకాశం లేదు. “1940ల నాటి అరుదైన టోపీ” అని రాసి, ఫొటోలో జిప్ కోడ్ కనిపిస్తుంటే ఇక చర్చ అక్కర్లేదు.

3ఎక్స్, 4ఎక్స్ లాంటి ముద్రలు ఫెల్ట్ నాణ్యతకు గుర్తులు. వీటికి అన్ని కంపెనీలకూ వర్తించే ఒకే ప్రమాణం లేదు. పాతకాలపు 3ఎక్స్‌ని ఇప్పటి 3ఎక్స్ పక్కన పెట్టి ధర కట్టకూడదు.

సగటు ధర చేసే మోసం

అడిగే ధర చూడకండి, అమ్ముడైన ధర చూడండి. ఈబేలో అమ్ముడైన సరుకు అనే వడపోత పెడితే దాదాపు 90 రోజుల అమ్మకాలు కనిపిస్తాయి. ఉదాహరణకు మీకు కావాల్సిన రకం టోపీలు ఏడు 38, 45, 52, 55, 60, 64, 210 డాలర్లకు పోయాయనుకోండి. సగటు కడితే దాదాపు 75 డాలర్లు వస్తుంది. కానీ ఏడింటిలో ఆరు ఆ ధర కిందే పోయాయి. డబ్బాతో సహా వచ్చిన కొత్తలాంటి టోపీ ఒకటి సగటును పైకి లాగేసింది. వరసలో నడిమి అంకె 55. మీకు కావాల్సిన ధర అది.

లడ్డూ వేలం వేరు, ఇది వేరు

మనకు అలవాటైన వేలంపాట వినాయకుడి పందిట్లోది. బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2024లో 30.01 లక్షలకు. అక్కడ పాడేవాళ్లు ఎదురెదురుగా ఉంటారు. భక్తీ పరువూ రెండూ పాటను పెంచుతాయి. ఎక్కువకు పాడటమే గొప్ప.

ఈబేలో జరిగేది దీనికి తలకిందులు. మీరు ఇవ్వగలిగిన గరిష్ఠ మొత్తాన్ని రహస్యంగా నమోదు చేస్తే, మీ తరఫున యంత్రం అవసరమైనంతే పాడుతుంది. 25 నుంచి 99.99 డాలర్ల మధ్య పాట ఒక్కో డాలరు చొప్పున పెరుగుతుంది. 100 దాటితే 2.50 చొప్పున. మీ పరిమితి 77.81 డాలర్లు, ఎదుటివారిది 52 అయితే టోపీ మీకు 53కే వస్తుంది. ఎదుటివారు 77.50 పెడితే మీరు 77.81 కడతారు. 80 పెడితే టోపీ వాళ్లది.

గెలిచినవాడు రెండో పాటదారు ధరను బట్టి చెల్లించే ఇలాంటి వేలంలో, తన మనసులోని అసలు విలువ పెట్టడమే తెలివైన పని అని విలియం విక్రీ 1961లో సిద్ధాంతం చేశాడు. 1996 నోబెల్ బహుమతి ఆయనకు వచ్చింది. ఆల్విన్ రాత్, అక్సెల్ ఓకెన్‌ఫెల్స్ 2002లో ప్రచురించిన పరిశోధన ఇంకో విషయం చెప్పింది. గడువు కచ్చితంగా ముగిసే ఈబేలో చివరి క్షణాల పాటలు ఎక్కువ. చివర్లో పాట పడితే గడువు పొడిగించిన అమెజాన్ వేలాల్లో తక్కువ. ముందే పాడితే ఎదుటివాళ్లకు పంతం పెరగడానికి సమయం ఇచ్చినట్టే. కాబట్టి ఒకే అంకె, ఒకేసారి, ఆఖర్లో.

ఆ 77.81 ఎక్కడిదంటారా? వెనకనుంచి కట్టిన లెక్క. మొత్తం ఖర్చు 100 డాలర్లు దాటకూడదనుకుంటే, 100ని 1.0775తో భాగించండి. 92.81 వస్తుంది. పోస్టేజీ 15 తీసేస్తే మిగిలేదే మీ గరిష్ఠ పాట.

పోస్టేజీని ముందే అడిగి తెలుసుకోవాలి. టోపీ బరువు లేకపోయినా డబ్బా పెద్దది. 18×16×8 అంగుళాల డబ్బా 2,304 ఘనపుటంగుళాలు. రవాణా సంస్థలు దీన్ని 139తోనో 166తోనో భాగించి, రెండు పౌండ్ల టోపీకి 14 నుంచి 17 పౌండ్ల చార్జీ వేయవచ్చు.

ఇంటికొచ్చాక

అమెరికాలో ఫెల్ట్ తయారీలో పాదరసం వాడకం 1941 డిసెంబరు 1తో ఆగింది. అంతకుముందటి టోపీని మూసిన గదిలో ఆవిరి పట్టకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. ఉన్ని కొట్టే పురుగుల అనుమానం ఉంటే సంచిలో గాలి చొరకుండా కట్టి, −18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి.

అన్నిటికన్నా ముందు, డబ్బా విప్పిన రోజే లోపలి కొలత తీసుకోండి. ప్రకటనలో రాసినదానికి వస్తువు భిన్నంగా ఉంటే ఈబేలో ఫిర్యాదుకు 30 రోజుల గడువు ఉంటుంది. ‘నా తలకు పట్టలేదు’ అన్నది ఫిర్యాదుగా నిలవకపోవచ్చు. ‘58 సెంటీమీటర్లు అని రాసి 56ది పంపారు’ అంటే నిలుస్తుంది. కొలతను అమ్మేవాళ్ల చేత ముందే రాతపూర్వకంగా చెప్పించుకోండి.