డీజిల్ ట్రాక్టరు ఫిల్టరు పీకేస్తే ఏమవుతుంది?

ఖరగ్‌పూర్‌కు ఇంజన్ పొగ కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో పెరిగిన ఈ ఊరు ముందు ఆవిరి ఇంజన్ల బొగ్గు మసిని చూసింది, తర్వాత డీజిల్ లోకో షెడ్డును చూసింది, ఇప్పుడు కరెంటు ఇంజన్లను చూస్తోంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇంజన్ విప్పి బిగించడం తెలిసినవాళ్లకు కొదవ లేదు. పట్టాల హద్దు దాటితే పశ్చిమ మేదినీపూర్ జిల్లా వరి పొలాలు, వాటిలో ట్రాక్టర్లు.

కొత్త రకం పెద్ద ట్రాక్టరు డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగి, నడిచేబండి సగం బలానికి పడిపోతే యజమానికి తట్టే మొదటి ఆలోచన ఎక్కడైనా ఒకటే: ఆ ఫిల్టరేదో పీకేస్తే పోలా? ఇంజన్ మీద చెయ్యి తిరిగిన మనిషికి ఆ పని కష్టం కాదు. కష్టమంతా ఆ తర్వాత మొదలవుతుంది.

మన దేశంలో ట్రాక్టర్ల పొగకు 'ట్రెమ్' పేరుతో వేరే ప్రమాణాలున్నాయి. చాలాకాలం ట్రెమ్-3ఎ నడిచింది. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 అమల్లోకి వచ్చింది. 50 నుంచి 75 హార్స్‌పవర్ మధ్య ఇంజన్లలో ఒక కిలోవాట్ గంట పనికి పాత పద్ధతిలో 0.4 గ్రాముల మసి రేణువుల వరకు వదలొచ్చు. కొత్త పరిమితి 0.025 గ్రాములు, అంటే పదహారో వంతు. 75 దాటితే నైట్రోజన్ ఆక్సైడ్లను కూడా 0.4 గ్రాములకు తగ్గించాలి. పాత పంపు, పాత సైలెన్సరుతో ఈ అంకెలు అందవు.

డీజిల్ ఇంజన్‌తో వచ్చిన చిక్కు ఏమిటంటే, రెండు కాలుష్యాలు తక్కెడలో రెండు పళ్లాల్లా ఉంటాయి. సిలిండర్‌లో మంట బాగా వేడెక్కితే గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. మంటను చల్లబరిస్తే ఇంధనం పూర్తిగా కాలక మసి పెరుగుతుంది. అందుకే పనిని పంచారు. ఈజీఆర్ వాల్వు కొంత పొగను తిరిగి సిలిండర్‌లోకి పంపి మంట వేడిని తగ్గిస్తుంది. దానివల్ల పెరిగే మసిని డీపీఎఫ్ అనే పింగాణీ ఫిల్టరు పట్టుకుంటుంది. తేనెపట్టులా సన్నని గొట్టాలు, ఒకటి ముందు మూసి, పక్కది వెనుక మూసి ఉంటాయి. పొగ గోడల్లోంచి దూరి బయటికి పోవాలి, మసి లోపలే ఆగిపోవాలి. ఇంకా పెద్ద ఇంజన్లలో యూరియా ద్రావణాన్ని చిమ్మి నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మార్చే ఎస్‌సీఆర్ ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా గంధకం పది లక్షల్లో పది వంతులకు మించని డీజిల్ రావడం వల్లే ఈ అమరిక ట్రాక్టర్ల దాకా రాగలిగింది. గంధకం ఎక్కువైతే ఉత్ప్రేరకం చచ్చిపోతుంది.

పట్టుకున్న మసిని ఎప్పటికప్పుడు తగలబెట్టాలి. అందుకు దాదాపు 550 నుంచి 600 డిగ్రీల వేడి కావాలి. బరువైన దుక్కిలో ఇంజన్ పొగ వేడిగానే వస్తుంది కాబట్టి చాలా మసి దానంతటదే పోతుంది. ఖాళీ ట్రక్కు తగిలించుకుని తిరిగినా, గట్టు మీద గంటల తరబడి ఊరికే ఆడించినా ఫిల్టరు వేడెక్కదు, నిండిపోతుంది. అప్పుడు యంత్రమే అదనపు ఇంధనం కాల్చి శుభ్రం చేసుకోవాలని చూస్తుంది. డ్రైవరు తొందరలో మధ్యలోనే ఇంజన్ కట్టేస్తాడు. నాలుగైదుసార్లు ఇలా జరిగితే కంట్రోలర్ ఇంజన్ బలాన్ని తగ్గించేస్తుంది. నాట్ల వారంలో అలా జరిగితే రైతుకు వచ్చే కోపం న్యాయమైనదే. కంపెనీ మనిషి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేదాకా దమ్ము ఆగదు.

కోపంలో చేసే పని మూడు భాగాలుగా ఉంటుంది. డీపీఎఫ్ డబ్బా కోసి లోపలి పింగాణీని తీసేస్తారు. ఈజీఆర్ దారికి రేకు బిగిస్తారు. ఇవి లేవని ఇంజన్ గొడవ చేయకుండా కంట్రోలర్‌లోని ప్రోగ్రామును మారుస్తారు. ఈజీఆర్ మూసేస్తే మంటకు ఆక్సిజన్ ఎక్కువ అంది కంటికి కనిపించే పొగ ఒక్కోసారి తగ్గుతుంది కూడా. యజమాని బండి బాగుపడిందనుకుంటాడు. కంటికి కనపడని నైట్రోజన్ ఆక్సైడ్లు మాత్రం పెరిగాయి. డీజిల్ వాహనాల పొగ తనిఖీ కేంద్రంలో చూసేది పొగ ఎంత నల్లగా ఉందన్నదే కాబట్టి ఆ పెరుగుదల అక్కడా బయటపడదు. ఎండలో ఇవే ఆక్సైడ్లు ఇతర ఆవిర్లతో కలిసి నేలమట్టపు ఓజోన్‌ను పుట్టిస్తాయి. ఓజోన్ వరి, గోధుమ ఆకుల్ని దెబ్బతీసి దిగుబడిని తగ్గిస్తుంది.

మసి సంగతి ఇంకా దగ్గరిది. మన ట్రాక్టర్లలో చాలావాటికి క్యాబిన్ ఉండదు, పొగ గొట్టం డ్రైవరు ఎదురుగానే నిలబడి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మనిషికి క్యాన్సర్ కలిగించే వాటిలో మొదటి వర్గంలో చేర్చింది. ఫిల్టరు పీకినవాడికంటే రోజంతా సీటులో కూర్చునే కూలి డ్రైవరే ఎక్కువ పీలుస్తాడు. అతణ్ని ఎవరూ అడగరు.

ఇక చట్టం. పొలంలో తిరిగేదే కదా అనుకుంటారు గానీ ట్రాక్టరు రిజిస్ట్రేషన్ ఉన్న మోటారు వాహనమే. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 115ఎ నిబంధన ట్రాక్టర్ల పొగ గురించే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపవిభాగం దీనికి పదును పెట్టింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 'ఒక్కో మార్పుకు' అన్న మాట ముఖ్యం, పైన చెప్పిన పని మూడు మార్పులుగా లెక్కకు రావచ్చు. గాలి కాలుష్య ప్రమాణాలు మీరిన బండిని బహిరంగ ప్రదేశంలో నడిపితే 190వ సెక్షన్ కింద మొదటిసారే మూడు నెలల దాకా జైలు లేదా 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు, మూడు నెలలు లైసెన్సూ పోతుంది.

తయారీదారు, దిగుమతిదారు, డీలరు ఇలాంటి బండిని మార్చినా అమ్మినా బండికి లక్ష రూపాయల జరిమానా, ఏడాది దాకా జైలు ఉన్నాయి. ఆ వరుసలో వీధి చివరి స్వతంత్ర మెకానిక్ ప్రస్తావన లేదు. కాబట్టి చట్టం బరువు ముందుగా పడేది ఆర్‌సీలో పేరున్న వాడి మీద. వారంటీ పోవడం, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మార్పుల గురించి అడగడం దీనికి అదనం.

అమెరికా చట్టం ఇంకా వెడల్పైనది. అక్కడి స్వచ్ఛ వాయు చట్టం పరికరాన్ని తీసినవాణ్నీ, తీయడానికి భాగాలు, ప్రోగ్రాములు అమ్మినవాణ్నీ పట్టుకుంటుంది, పొలం ఇంజన్లకూ వర్తిస్తుంది. అయినా 2020లో అక్కడి పర్యావరణ సంస్థ లెక్క వేస్తే అంతకుముందు దశాబ్దంలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్ బళ్లకు ఈ పరికరాలు పీకేశారని తేలింది. రైతుల ఫిర్యాదుల తర్వాత 2025 ఆగస్టులో అదే సంస్థ, యూరియా ద్రావణం అయిపోయిన వెంటనే ఇంజన్ బలం పడిపోకుండా ప్రోగ్రాములు సవరించమని తయారీదారులను కోరింది. శిక్ష ఒక్కటే పనిచేయదని, మరమ్మతు అందుబాటులో లేకపోతే జనం రంపం పట్టుకుంటారని ఒప్పుకోవడమే ఇది.

మన దగ్గర ట్రాక్టర్లలో ఎక్కువ భాగం 50 హార్స్‌పవర్ లోపువే కాబట్టి సమస్య ఇంకా చిన్నది. ట్రెమ్-5 పరిమితులు 25 హార్స్‌పవర్ దాటిన ఇంజన్లను కూడా ఫిల్టరు వైపు నెడతాయి. దాని అమలు తేదీ ఇప్పటికే వెనక్కి జరిగింది. ఆ వ్యవధిలో పల్లె మెకానిక్‌కు సెన్సరు చదివే పరికరం, శిక్షణ అందితే మంచిది. ఖరగ్‌పూర్ ఐఐటీలో వ్యవసాయ ఇంజనీరింగ్ విభాగం 1950ల నుంచి ఉంది, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. నేర్పగల చోట్లు లేకపోలేదు.

ఈలోగా బండి ఉన్నవాళ్లు చేయగలిగినవి చిన్న పనులే. కిరోసిన్ కలిసిన డీజిల్ పోయకూడదు, తక్కువ బూడిద మిగిల్చే సరైన ఇంజనాయిలే వాడాలి. శుభ్రం చేసుకునే దీపం వెలిగితే ఇంజన్ కట్టకుండా పూర్తి కానివ్వాలి, గడ్డివాముకు, ఎండుగడ్డికి దూరంగా నిలిపి మరీ. ఆ సమయంలో పొగ గొట్టం నిప్పు అంటించేంత వేడెక్కుతుంది. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారైతే ఇంజన్ చల్లారాక పొగ గొట్టం లోపల వేలు పెట్టి చూడాలి. ఫిల్టరు బాగున్న బండి గొట్టం దాదాపు శుభ్రంగా ఉంటుంది. వేలికి నల్లటి మసి దట్టంగా అంటితే లోపలి పింగాణీ పగిలిందనో, అసలు లేదనో అర్థం. బేరం అక్కడ ఆపి ఆర్‌సీ ఎవరి పేరుకు మారబోతోందో ఆలోచించుకోవడం మంచిది.